ముందస్తు పరామర్శ

"నా శేషజీవితం ఈ వార్డు ప్రజలకే అంకితం" అని కురువిళ్ళ సారు ఆదివారం ప్రార్థన కాగానే చర్చి మెట్ల మీద ప్రకటించారు. ప్రజలు అప్పటికి చెప్పులు వెతుక్కుంటున్నారు. సారు తహసీల్దారుగా రిటైరయ్యారు. ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ ప్రజలే ఆయన చుట్టూ తిరిగారు కనుక ఇప్పుడాయన ప్రజల చుట్టూ తిరగడం ధర్మమే. పంచాయతీ ఎన్నికల్లో టికెట్టు ఆశిస్తున్నారన్నది వేరే సంగతి.

"జనం కష్టసుఖాల్లో ఎవరు ముందుంటే వాళ్ళకే టికెట్టు" అని పార్టీ జిల్లా అధ్యక్షుడు సెలవిచ్చారు. దాంతో రిటైర్డ్ హెడ్ కానిస్టేబుల్ ఈప్పన్ కూడా ముందుండటం మొదలుపెట్టాడు. పక్కింటివాణ్ణి, పైగా జీపున్నవాణ్ణి కనుక ఈ మహాసేవలో నాకూ ఇంత చోటు దొరికింది.

సారు భార్య శోశమ్మ టీచరుకి రోజంతా ఒకటే తెల్లచీర. శుభకార్యమైతే జరీ అంచు బయటికి, చావైతే లోపలికి. జీపులోనే సర్దేసుకుంటుంది.

ఆ రోజు మొదట బాప్తిజం. సారు పసివాణ్ణి ఎత్తుకుని ఫొటోలు దిగారు. తల్లి బిడ్డనడిగితే "ఇంకొక్కటమ్మా" అన్నారు. తర్వాత గృహప్రవేశం. అక్కడ ఈప్పన్ అప్పటికే అప్పాలూ కోడికూరా ముందేసుకుని కూర్చున్నాడు. సారు ముఖం మాడిపోయింది.

"అతను తింటున్నాడు అచ్చాయా, మీరు వడ్డించండి" అంది టీచరు భర్తతో.

సారు కూర బకెట్టు అందుకున్నారు. అది చూసి ఈప్పన్ ఎంగిలి చేత్తోనే ఇంకో బకెట్టు అందుకున్నాడు. ఇద్దరి సేవకీ తట్టుకోలేక ఇంటాయన ఆకు మీద బోర్లా పడుకున్నంత పని చేశాడు.

అంతలో ఎవరో అన్నారు: "ఇట్టూప్పు తాతకి బాగోలేదట. ఫాదరు వెళ్ళి తైలం పూసి ఆఖరి ప్రార్థన చేసొచ్చారట."

రెండు బకెట్లూ ఒకేసారి కిందికి దిగాయి.

జీపులో టీచరు అంచు లోపలికి దోపుకుంది. దారిలో సారు పెద్ద పూలచక్రం కొన్నారు.

"పోయాడని ఎవరన్నారు సారూ?" అన్నాను.

"ఈప్పన్ స్కూటరు మీద అంత స్పీడుగా పోతుంటే ఇంకా ఎవరనాలయ్యా?" అన్నారు.

మమ్మల్ని చూసి బైకులు, బైకుల్ని చూసి ఆటోలు. సగం వార్డు మా వెనకే వచ్చింది. ఇద్దరు నాయకులూ రెండు పూలచక్రాలతో ఒకేసారి మెట్లెక్కారు. వరండాలో తాత గంజి తాగుతున్నాడు.

"ఎవరు పోయార్రా?" అన్నాడు.

దానికి జవాబు చెప్పగల నాయకత్వం మా వార్డులో ఇంకా తయారు కాలేదు. టీచరు మాత్రం చప్పున అంచు బయటికి లాక్కుంది.

"ఊరికే చూసిపోదామని" అన్నారు సారు.

తాత పూలచక్రాల వంక చూశాడు. "పాపం, ఇంత దూరం వచ్చారు, పని కాలేదు. గంజైనా తాగి పోండి."

అప్పుడే అధ్యక్షుల వారి కారు వచ్చింది. ఆయనా పరామర్శకే బయల్దేరారట. తాతని చూశారు, జనాన్ని చూశారు. ఒక్క చూపులో పరిస్థితి గ్రహించడమే నాయకత్వం.

"వీళ్ళంతా పిలిస్తే వచ్చారా?"

"పిలవకుండానే" అన్నాను.

"మరింకేం, ఇట్టూప్పు గారే మన అభ్యర్థి."

"సార్, తొంభై దాటాయి" అన్నారు సారు, ఈప్పన్ ఒక్క గొంతుతో.

"గెలవనివ్వండయ్యా. తర్వాత ఉపఎన్నిక వస్తే మీరిద్దరూ ఉండనే ఉన్నారు. కురువిళ్ళా, అభ్యర్థి గురించి నాలుగు ముక్కలు చెప్పు."

ఆ పూట సారు దగ్గర సిద్ధంగా ఉన్న ప్రసంగం ఒక్కటే. "ఇట్టూప్పు గారి లోటు ఎవరూ పూడ్చలేనిది. ఆయన ఆశయాలను మనమే ముందుకు తీసుకెళ్ళాలి" అన్నారు. కళ్ళ వెంట నీళ్ళు ధారగా కారాయి. ఇన్నేళ్ళుగా చూస్తున్నాను, ఏ చావింట్లోనూ ఆయన అంతగా ఏడవలేదు.

జనం కరిగిపోయి చప్పట్లు కొట్టారు. అందరికంటే గట్టిగా కొట్టింది తాతే.