పెరటి హైమ

పొగ రాని పొయ్యి పెట్టించుకున్న నెలలోపే, ఆ పొయ్యి పెట్టించుకోకపోయి ఉంటే దాలమ్మ ఎలా ఉండేదో ఆ దాలమ్మను, కూతురితో సహా జీపులో తెచ్చి, జీడివలసలో దాలమ్మ ఇంటి పెరట్లో దింపారు. వెంట వచ్చిన పరిశీలకుడు భానోజీరావు ఇద్దరు దాలమ్మల చేతా వేలిముద్రలు వేయించుకున్నాడు. రెండు ముద్రలూ ఒకటే కావడంతో ఆయన పని సగం తగ్గింది. ఎండ మండిపోతోందని మజ్జిగ అడిగి తాగి వెళ్ళిపోయాడు.

ఇందులో వింతేమీ లేదు. ఎక్కడో దూరదేశంలో విమానాలు నడిపే కంపెనీ ఒకటి ఉంది. తాను ఆకాశంలోకి వదిలే పొగకు బదులుగా, జీడివలసలో రావలసిన పొగ రాకుండా చూస్తానని అది మాట ఇచ్చింది. అందుకే ఊరంతటికీ పొయ్యిలు ఉచితంగా పంచింది. బాగానే ఉంది గానీ, రాని పొగను కొలవడం ఎలా? వచ్చిన పొగ కళ్ళు మండిస్తుంది, రాని పొగ ఎవరి కంటికి ఆనింది గనక! ఇదివరకు అంచనా వేసి రాసిపారేసేవారు. ఆ అంచనాలన్నీ బొంకులేనని గోల లేచాక, పొయ్యి ఇవ్వకపోతే ఏమై ఉండేదో దాన్నే తెచ్చి ప్రతి ఇంటి పక్కనా నిలబెట్టడం మొదలుపెట్టారు. కాయితాల్లో దాన్ని బేస్‌లైన్ అన్నారు. ఊళ్ళోవాళ్ళు బేసులైనమ్మ అన్నారు.

పెరటి దాలమ్మ అచ్చం దాలమ్మే. కళ్ళు మాత్రం ఎర్రగా ఉండేవి, మాటకు ముందొక దగ్గు, మాటకు వెనకొక దగ్గు. తాటాకు పాకలో మూడు రాళ్ళ పొయ్యి పెట్టుకుని, కొండకెళ్ళి పుల్లలేరుకొచ్చి గంజి కాచుకునేది. దాలమ్మ మొగుడు గురునాయుడు మొదట్లో మొహమాటపడ్డాడు. తర్వాత కట్టెల మంట మీద కాగిన చేపల పులుసు రుచి మరిగి, రోజు మార్చి రోజు పెరట్లోనే భోంచేసేవాడు. రచ్చబండ దగ్గర ఎవరైనా ఆటపట్టిస్తే, “ఇద్దరూ నా పెల్లామే గదేటి” అనేవాడు.

పిల్లల సంగతి అలా తేలిపోలేదు. ఇద్దరి పేరూ హైమే, ఇద్దరికీ ఎనిమిదేళ్ళే. వాకిలి హైమకు కొత్త పొయ్యి వచ్చాక దగ్గు వదిలింది. బడికి గెంతుకుంటూ పోయేది. పెరటి హైమకు ఛాతీలో పిల్లికూతలు. పొద్దున్నే పాకలోంచి పొగ పలచగా లేచి సీతాఫలం కొమ్మల్లో ఆగిపోయేది. ఆ తెల్లదనంలోంచి పిల్ల నడిచి వస్తుంటే, తన కూతురే నిద్దట్లో నడిచొస్తున్నట్టు ఉండేది దాలమ్మకు. వచ్చి “అమ్మా” అంటూ ఆమె కొంగు పట్టుకుని ఊరికే నిలబడేది. దాలమ్మ నూనెగిన్నె తెచ్చుకుని దాని జడ విప్పేది.

పిల్లకు నూనె రాసి జడ వేయవచ్చు, తప్పులేదు. వంటింట్లోకి మాత్రం రానివ్వకూడదు. అక్కడి గాలి పీలిస్తే దగ్గు తగ్గుతుంది, దగ్గు తగ్గితే తేడా తగ్గుతుంది, తేడా తగ్గితే పొయ్యి వెనక్కి పోతుంది. భానోజీరావు ఇదంతా గొంతు పెంచకుండా, ఓపిగ్గా చెప్పాడు. ఆయనా పిల్లలు గలవాడే.

ఒకనాడు పెరటి దాలమ్మ నూతిగట్టు దగ్గర దాలమ్మను ఆపింది.

“నాకేటిలే, నాను దగ్గుకుంటాను. దాన్ని నీ ఇంట్లో ఎట్టుకోయే.”

“ఎట్టుకుంటే నా దాని గతేటి? పొయ్యి అట్టుకెల్లిపోతారు గదా.”

“నీదేటి, నాదేటి? కన్నది ఒకర్నే గదా మనం.”

అది నిజమే. ఒకే పురుడు, ఒకే నొప్పులు. దాలమ్మకు ఆ రాత్రంతా గుర్తే. “కొన్నాల్లు ఓపిక పట్టు. ఊరి పథకం దేశం పథకం అయిపోతాదంట. అప్పుడు అడుగుదాం” అంది.

అయింది కూడా. జీడివలసలో బాగా పనిచేసింది కాబట్టి దేశమంతటా పెట్టాలని ఢిల్లీలో తీర్మానించారు. చిక్కల్లా ఒక్కటే. అన్ని కోట్ల ఇళ్ళకు అన్ని కోట్ల బేస్‌లైన్లను తెస్తే ఎక్కడ ఉంచుతారు? వాళ్ళకు రేషన్ ఎవరివ్వాలి, ఓట్లు ఉంటాయా ఉండవా? పెద్ద కమిటీ కూర్చుని, దేశం మొత్తానికి ఒక్క బేస్‌లైన్ చాలునని తేల్చింది. పెద్దవాళ్ళ దగ్గుకు చుట్టలూ దుమ్మూ వయసూ నానా కారణాలుంటాయి. పసిపిల్ల దగ్గయితే శుద్ధమైన దగ్గు. అందుకని పిల్లల్లో పెరటి హైమ ఒక్కదాన్నే ఉంచి, మిగతావాళ్ళందరినీ జీపుల్లో ఎక్కించారు. జీపులు వచ్చిన దారినే పోయి మెల్లగా మంచులో కలిసిపోయాయి. ఎక్కే ముందు పెరటి దాలమ్మ, “సూసుకోయే” అని ఒక్క మాటంది.

దాలమ్మ భానోజీరావును అడిగింది.

“బాబూ, దేశం పథకం అయిపోనాది గదా. ఇంక పిల్లని లోపలికి తెచ్చుకోనా?”

“ఇప్పుడు అసలే కుదరదమ్మా. అప్పుడంటే ఊరి పొయ్యిలు. ఇప్పుడు కరెంటు బస్సులు, సోలారు పలకలు, కొత్తగా నాటిన అడవులు, దేశం లెక్కంతా ఈ పిల్ల దగ్గు మీదే నిలబడింది.”

“పెద్దదయ్యాకైనా?”

“బేస్‌లైన్ పెద్దదవదమ్మా. మారిపోతే అది బేస్‌లైనెలాగవుతాది?”

ఆయన అన్నట్టే జరిగింది. వాకిలి హైమ హైస్కూల్లో చేరి వోణీ వేసుకుంది. పెరటి హైమకు పాత గౌను పొట్టి కాలేదు. పొద్దున్నే తనే పుల్లలు ముట్టించుకుని పొగలో కూర్చునేది. పెద్ద పెద్దవాళ్ళు వచ్చి చెవులకు యంత్రాలు తగిలించుకుని ఆ దగ్గు విని, తృప్తిగా తలలూపి వెళ్ళేవారు.

వానాకాలంలో ఒక మధ్యాహ్నం, పుల్లలు తడిసి పాకంతా పొగ కమ్మేసింది. పిల్లకు ఊపిరి అందలేదు. పెదాలు నల్లబడుతున్నాయి. దాలమ్మ ఇంకేమీ ఆలోచించలేదు. పిల్లను ఎత్తుకుని వంటింట్లోకి పరిగెత్తి, తలుపేసి, ఒళ్ళో పడుకోబెట్టుకుంది. కాసేపటికి పిల్లికూతలు ఆగాయి. పిల్ల నిద్రపోయింది. వాన చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. ఎన్నాళ్ళ తర్వాతో దాలమ్మకు ప్రాణం కుదుటపడింది. తనూ గోడకు చేరగిలబడి కునుకు తీసింది.

పిల్ల దగ్గడం మానేసరికి బేస్‌లైనుకూ దేశానికీ తేడా లేకుండా పోయింది. తేడా లేదు కాబట్టి తగ్గింపూ లేదు. దూరదేశంలో విమానాలు బయల్దేరకుండా నిలిచిపోయాయి. సోలారు పలకల మీద ఎండ పడినట్టే పడి జారిపోయింది. నాటిన అడవులు మళ్ళీ బీడయ్యాయి. దాలమ్మకు మెలకువ వచ్చేసరికి కొత్త పొయ్యిలోంచి సన్నగా పొగ లేస్తోంది. అప్పుడే బడి నుంచి వచ్చిన వాకిలి హైమ గడపలో చెప్పులు విప్పుతూ దగ్గింది. ఒక్కసారే.

భానోజీరావు గొడుగేసుకుని వాకిట్లో నిలబడి ఉన్నాడు. లోపలికి రాలేదు, తిట్టలేదు. “మీ ఇష్టమమ్మా” అన్నాడంతే.

దాలమ్మ గడపలోని పిల్లను చూసింది, ఒళ్ళోని పిల్లను చూసింది. తర్వాత ఒళ్ళోని పిల్లను లేపింది. గౌను సర్ది, చెదిరిన జడ మళ్ళీ వేసి, చెయ్యి పట్టుకుని పెరట్లోకి నడిపించింది. తడి పుల్లలు అంటుకోకపోతే తనే వంగి ఊదుగొట్టంతో ఊదింది. పొగ లేచింది. పిల్ల ఏడవలేదు, కూర్చుని దగ్గింది. “వచ్చిందండీ, వినబడుతోంది” అని భానోజీరావు ఫోన్లో చెప్పాడు. వాకిలి హైమ మళ్ళీ దగ్గలేదు.

మర్నాడు పెరటి హైమ గడప అవతలే ఆగింది.

“అమ్మగోరూ, తాగడానికి నీల్లు పొయ్యండి.”

దాలమ్మ చెంబు పైకెత్తి, తాకకుండా, ఆ పిల్ల దోసిట్లోకి నీళ్ళు పోసింది.