త్రివేణి ఫిజికల్‌కు పోయింది

శనివారం ప్రొద్దున్నే కృష్ణగిరికి పోవాలి, కొరియర్ ఆఫీసులో ఒక పార్సెలు తీసుకోవాలి, పదకొండు గంటలకల్లా ఉద్దనపల్లికి వచ్చి దాన్ని నాయన చేతిలో పెట్టాలి. త్రివేణి వేసుకున్న ప్లాను ఇంతే. ఇందులో పోలీసు డిపార్టుమెంటుకు గానీ, తప్పెటకు గానీ, పదహారు ఉడకబెట్టిన గుడ్లకు గానీ ఆమె చోటు పెట్టలేదు.

త్రివేణి హోసూరులో గది తీసుకుని, రోజూ బస్సెక్కి బెంగళూరు పొలిమేరలోని ఒక చిన్న వీడియో గేముల కంపెనీకి పోయి వస్తుంది. మూడేళ్ళుగా వాళ్ళంతా కలిసి ఒకటే గేము తయారు చేశారు. కొండల్లో గొర్రెలు మేపుకునే ఒక అమ్మాయి కథ అది. అందులోని గొర్రెలన్నీ త్రివేణివి. అవి నడవడం, మేయడం, బెదరడం, ముందుది దూకితే వెనకవన్నీ ఎందుకో తెలియకుండానే దూకడం, అంతా ఆమె చేతి పనే. గొర్రెలు కాసే ఇంట పుట్టిన పిల్ల కాబట్టి కంపెనీలో ఇంకెవరికీ చేతగాని పని ఆమెకు చేతనైంది. ఈ మాట నేను కొంచెం గర్వంగానే చెబుతున్నాను. మా ఊరి పిల్ల మరి.

కష్టమల్లా ఇంటి దగ్గరే. వాళ్ళ నాయన చెన్నరాయప్ప నలభై గొర్రెల ఆసామి. కూతురు ఇంటికి వచ్చినప్పుడల్లా ఒకే ప్రశ్న వేస్తాడు.

"ఏమమ్మణ్ణీ, ఫ్యాక్టరీకి పోయేవాళ్ళు నట్టో బోల్టో చేస్తా ఉండారు. మూడేండ్లుగా నువ్వు చేసింది యాడుంది?"

ఆమె ఫోనులో వీడియో చూపిస్తుంది. ఆయన ఫోనును అటూ ఇటూ తిప్పి, "ఇది ఫోను గదా," అని తిరిగి ఇచ్చేస్తాడు. వీధిలో ఎవరైనా నీ కూతురు ఏం పని చేస్తుందని అడిగితే, "ఏదో కంప్యూటరులే," అని మాట మార్చేస్తాడు. అట్లా మాట మార్చడం త్రివేణి ఒకసారి గుమ్మంలో నిలబడి విన్నది. ఆ బాధ ఆమె మనసులో అట్లాగే ఉండిపోయింది.

అందుకే, గేము విడుదలైనప్పుడు కంపెనీవాళ్ళు తలా ఒక కాపీ ఇస్తాం, డిజిటల్ కావాలా ఫిజికల్ కావాలా అని అడిగితే, ఆఫీసంతా డిజిటల్ అన్నా త్రివేణి ఒక్కతే ఫిజికల్ అన్నది. డిజిటల్ అంటే ఇంటర్నెట్టులోనుంచి దించుకోవడం. ఫిజికల్ అంటే డబ్బాలో పెట్టిన డిస్కు.

"ఇప్పుడు డిస్కు ఎవురే అడిగేది?" అన్నది ప్రక్క సీటు నేత్ర. "డౌన్‌లోడైతే ఈ నిమిషమే వస్తాది. డిస్కయితే షెల్ఫులో దుమ్ము పడ్తాది."

"దుమ్ము పట్టేకైనా ఒక వస్తువుండల్ల గదా," అన్నది త్రివేణి.

శుక్రవారం ప్రొద్దున త్రివేణి ఇంటికి ఫోను చేసింది. వాళ్ళమ్మ పచ్చయమ్మ ఫోనును స్పీకరులో పెట్టి రాగి సంగటి కెలుకుతోంది. గోడకు అవతల చెన్నరాయప్ప గొర్రెపిల్ల కాలికి మందు రాస్తున్నాడు. ఇతరుల ఫోను మాటలు వినకూడదని ఆయనకు తెలుసు. చెవులకు తెలియదు.

"అమ్మా, ఆఫీసులో అందురూ డిజిటల్ అన్నారు. నేనొక్కతే డిజిటల్ వద్దు, ఫిజికల్ అనేసినా. రేపు కృష్ణగిరిలో. వేరేవాళ్ళు పోతే కాదు, నేనే పోయి ఆధార్ కార్డు చూపించల్ల. నాయనకి చెప్పొద్దు. చేతికొచ్చినాక నేనే చెప్తా."

"సరేమ్మా," అన్నది పచ్చయమ్మ. అందులో ఆమెకు అర్థమైంది కృష్ణగిరి ఒక్కటే.

ఉద్దనపల్లి నుంచి కృష్ణగిరి దాకా ఏ ఊళ్ళో అడిగినా 'ఫిజికల్' అనే మాటకు ఒకటే అర్థం. పోలీసు సెలెక్షనులో రాతపరీక్ష అయ్యాక గ్రౌండులో పరుగెత్తించి, దూకించి, ఎత్తు కొలిచే పరీక్ష అది. 'రాత పాసయినాడు, ఫిజికల్‌లో పోయింది' అని చెప్పుకోని ఇల్లు ఈ తట్టు తక్కువ. చెన్నరాయప్ప కూడా ముప్పై ఏళ్ళ క్రితం అర అంగుళం ఛాతీ చాలక తిరిగి వచ్చినవాడే. అందుచేత గోడ అవతల ఆయనకు అంతా క్షణంలో అర్థమైపోయింది. కూతురు కంప్యూటరు పని వద్దనేసింది. పోలీసు కాబోతోంది. తప్పిపోతే నాయన బాధపడతాడని దాచిపెట్టింది. ఆ పొంగులో ఆయన గొర్రెపిల్ల నొప్పి కాలు వదిలేసి మంచి కాలికి మందంతా రాసేశాడు.

రహస్యం కాబట్టి ఒక్క తిమ్మరాజుకే చెప్పాడు. తిమ్మరాజు ఎదురింటివాడు, రిటైరైన హెడ్ కానిస్టేబులు. ఆయన కూడా రహస్యమని టీ అంగట్లో గొంతు తగ్గించే చెప్పాడు. మధ్యాహ్నానికి ఊరంతా గొంతు తగ్గించి మాట్లాడుకుంటోంది.

"పాప ఎత్తెంత?" అని అడిగాడు తిమ్మరాజు. "ఆడోళ్ళకి నూటా యాభై తొమ్మిది సెంటీమీటర్లు ఉండల్ల. ఒకటి తగ్గినా ఇంటికి పంపించేస్తారు."

కొలవడానికి పాప ఊళ్ళో లేదు. అందుకని ఆమె పాత చుడీదారు ఒకటి గోడకు మేకు కొట్టి తగిలించారు. తల ఎంత ఉంటుందో పచ్చయమ్మ జానతో చూపించింది. తిమ్మరాజు టేపు పెట్టి చూస్తే నూటా యాభై ఎనిమిది వచ్చింది. చుడీదారును తడిపి, ఇద్దరు చెరో కొసా పట్టి సాగదీసి మళ్ళీ కొలిచారు. అంతే వచ్చింది.

"తలెత్తుకోనుంటే ఇంకొంచెం వస్తాది," అన్నాడు చెన్నరాయప్ప. "నా కూతురు తలెత్తుకొనే ఉంటాది."

"అది చాల్దప్పా. సర్వీసులో నేర్చుకున్న మాట చెప్తా విను. మనిషి ప్రొద్దున లేస్తానే ఒక సెంటీమీటరు పొడుగుంటాడు. నిలబడే కొద్దీ, కూర్చునే కొద్దీ కుంగిపోతాడు. పాపను బస్సులో పంపించొద్దు. పండబెట్టి తీసుకోనిపోయి, ఆడ లేపి, నేరుగా కొలత కిందికి తోసేయల్ల."

ఇది డాక్టర్లు కూడా ఒప్పుకునే మాటే. కానీ దీన్ని ఆచరణలో పెట్టిన ఊరు ప్రపంచం మొత్తం మీద మాది ఒక్కటే అయి ఉంటుంది. గొర్రెలను సంతకు తోలే గోవిందప్ప తన మినీ లారీని కడిగించి పరుపు వేయించాడు. పచ్చయమ్మ గుడ్లు ఉడకబెట్టింది. "నాతోనే చెప్పింది గదప్పా, నాకే తెలీకపాయె," అని ఇంటికి వచ్చిన వాళ్ళందరితో చెప్పుకుంది. సాయంత్రం కూతురికి ఫోను చేసి, "ప్రొద్దున మొదటి బస్సుకి ఇంటికొచ్చి పో," అని మాత్రం చెప్పి పెట్టేసింది.

త్రివేణి బస్సు దిగేసరికి పన్నెండు మంది, ఒక తప్పెట, ఒక చేమంతి దండ, ఒక లారీ ఎదురుగా ఉన్నాయి. అమ్మ నోరు జారిందని ఆమె అనుకుంది.

"నాయనా, నీకు చెప్పేసిందా?"

"తెలిసిందిలే అమ్మణ్ణీ. డిజిటల్ వద్దనేసి చానా మంచి పని చేసినావు. మన ఇంట్లో ఇంతవరకూ ఎవురూ చేయలా."

నాయన తన పనిని మెచ్చుకోవడం ఆమెకు అదే మొదటిసారి. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. గుడ్లు తినమంటే మూడు తిన్నది. పరుపు మీద పడుకోమంటే, గేము విడుదలకు ముందు నెల రోజులు తనకు నిద్ర లేదని నాయనకు తెలిసిందని అనుకుని పడుకుంది.

"ఆడ ఎంతసేపు పడ్తుందమ్మా?" అన్నాడు చెన్నరాయప్ప.

"ఐదు నిమిషాలు. కార్డు చూపించేది, సంతకం పెట్టేది, అంతే."

"నా కాలంలో ప్రొద్దున్నుంచి సాయంత్రం దాకా ఎండలో నిలబెట్టినారు."

"ఇప్పుడంతా కంప్యూటరు గదప్పా," అన్నాడు తిమ్మరాజు.

రాయకోట దాటకముందే త్రివేణి గాఢ నిద్రలో ఉంది. స్పీడు బ్రేకరు వచ్చినప్పుడల్లా, "చిన్నగా పోనీ గోవిందప్పా, ఎత్తు తగ్గిపోతాది," అని తిమ్మరాజు గుసగుసలాడాడు. కృష్ణగిరి గ్రౌండు గేటుకు తాళం వేసి ఉంది. ఈ రోజు ఇక్కడ ఏమీ లేదని వాచ్‌మన్ చెప్పాడు. చప్పుడుకు త్రివేణి మేలుకుని లేవబోయింది.

"ఈడికెందుకు వచ్చినాం? ఫిజికల్ ఈడ కాదు నాయనా, బస్టాండు వెనకాల."

"చూస్తివా, జాగా మార్చేసినారు," అన్నాడు తిమ్మరాజు, ఇట్లాంటివి ఎన్నో చూసినవాడిలాగా. "లేవొద్దు పాపా, పండుకో. కుంగిపోతావు."

"నేనెందుకు కుంగిపోతా పెదనాయనా," అన్నది త్రివేణి, వెనక్కి వాలి. "మీరంతా వచ్చినారు గదా నా కోసరం."

కొరియర్ ఆఫీసులో మోహన్‌రాజ్ అనే మనిషి ఒక్కడే ఉన్నాడు. ఆరు నెలలుగా అతను పల్లెల పార్సెళ్ళ మీద 'ఇంటికి తాళం' అని రాసి, ఊళ్ళకు పోకుండానే కాలం గడుపుతున్నాడు. అట్లాంటివాడికి లారీ నిండా ఉద్దనపల్లి జనం తప్పెట కొట్టుకుంటూ వచ్చి దిగడం కనిపించింది. షట్టరు సగానికి లాగేశాడు.

"భయపడొద్దప్పా," అని చెన్నరాయప్ప వంగి ధైర్యం చెప్పాడు. "మేము ఫిజికల్‌కి వచ్చినాం."

ఫిజికల్ అంటే చేయి చేసుకోవడమే అనుకుని మోహన్‌రాజ్ మిగతా సగం షట్టరు కూడా దించేశాడు. చివరికి త్రివేణి తన ఆధార్ కార్డును షట్టరు క్రింది సందులో దూర్చి, నంబరు చదివి వినిపించింది. కాసేపటికి అదే సందులోనుంచి ఒక పార్సెలు బయటికి జారింది. దాని వెనకే మాట కూడా వచ్చింది. "రేపట్నుంచి ఊళ్ళోకే తెచ్చిస్తానప్పా, ఒకరినీ తప్పించను."

"ఇదేందమ్మణ్ణీ?" అన్నాడు చెన్నరాయప్ప.

"ఇదే నాయనా ఫిజికల్. నా గేము. డిస్కు."

తప్పెట ఆగింది. తిమ్మరాజు జేబులోనుంచి తీసిన టేపును మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు. చెన్నరాయప్ప దండ చేతిలో పట్టుకుని కూతురినీ, పార్సెలునూ మార్చి మార్చి చూశాడు. తిమ్మరాజే తలవంచుకుని జరిగిందంతా చెప్పాడు. చుడీదారు సంగతితో సహా విన్నాక, ఆ గుడ్లూ ఆ పరుపూ ఆ మంచిమాటలూ తన గొర్రెలకు కాదని త్రివేణికి తెలిసింది. ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో తెలియక గబగబా పార్సెలు చించింది. కనీసం డిస్కయినా నాయన చేతిలో పెట్టాలనుకుంది.

డబ్బా అందంగానే ఉంది. తెరిస్తే లోపల డిస్కు లేదు. మడతపెట్టిన కాగితం ఒకటి ఉంది. దాని మీద ఒక కోడు, ఇంటర్నెట్టులో ఈ కోడు కొట్టి గేమును దించుకోమని నాలుగు ముక్కలు. ఫిజికల్ అని పేరుపెట్టి పంపింది డిజిటలే.

"ఖాళీ డబ్బానా?" అన్నాడు గోవిందప్ప, పాపం మామూలుగానే. త్రివేణి అక్కడే మెట్టు మీద కూలబడింది. ఇన్నేళ్ళ పనికి నాయన చేతిలో పెట్టడానికి ఒక చిన్న వస్తువు కావాలనుకుంది. అదీ లేకపోయింది. ఆమె ఏడుపు ఆపుకోలేకపోయింది.

చెన్నరాయప్ప ఆమె చేతిలోని కాగితం తీసుకున్నాడు. కోడు ఆయనకు పట్టలేదు. వెనక్కి తిప్పాడు. అటువైపు చిన్న అక్షరాలతో గేము చేసిన వాళ్ళ పేర్లున్నాయి. పదో తరగతి ఇంగ్లీషుతో వేలు పెట్టి ఒక్కొక్కటే చదువుకుంటూ దిగాడు. కొండలు ఎవరో, వాన ఎవరో, పాటలు ఎవరో. ఒకచోట వేలు ఆగింది.

గొర్రెలు: త్రివేణి చెన్నరాయప్ప.

మా తట్టు ఇంటిపేర్లు రాసుకునే అలవాటు లేదు. నాయన పేరులో మొదటి అక్షరం ముందు పెట్టుకుంటాం, అంతే. ఊళ్ళో ఆమె సి. త్రివేణి. కంపెనీ కంప్యూటరు మాత్రం ఒక్క అక్షరం ఒప్పుకోను, ఇంటిపేరు పూర్తిగా రాస్తేనే ముందుకు పోతానని మొండికేస్తే, వేరే దారి లేక ఆమె నాయన పేరంతా రాసింది.

"ఇది నా పేరు గదా," అన్నాడు చెన్నరాయప్ప.

"నీదే నాయనా."

"ఇట్లాంటి కాగితాలు ఎన్ని అచ్చేసినారు?"

"యాభై వేలు. జపాను, జర్మనీ, అన్ని దేశాలకూ పోయినాయి."

ఆయన మళ్ళీ చదివాడు. తిమ్మరాజు చేత చదివించాడు. గోవిందప్పకు చదువు రాదు కాబట్టి ఆయనకు తానే చదివి వినిపించాడు. తర్వాత కూతురి ముందు గొంతుక్కూర్చుని, దండ ఆమె మెడలో వేశాడు.

"ఇన్నాళ్ళూ యాడుంది, యాడుంది అని నిన్ను సతాయించినానమ్మా. తెలీక అడిగినా. జర్మనీవాడు గొర్రె చూసినా నా పేరు చదవల్ల ఇంక. ఏ ఎస్సైకుండాది ఇట్లాంటి మర్యాద?"

తిమ్మరాజుకు ఆ చివరి మాట నచ్చలేదు గానీ, తప్పెటవాడికి సైగ చేసింది ఆయనే. తిరిగి వచ్చేటప్పుడు త్రివేణి లారీలో నాయన ప్రక్కన నిటారుగా కూర్చుని వచ్చింది, మిగిలిన గుడ్లు అందరికీ పంచుతూ.

చెన్నరాయప్ప మర్నాడే మత్తూరుకు పోయి ఆ కాగితానికి అద్దాల ఫ్రేము కట్టించి, వీధి గుమ్మానికి ఎదురుగా తగిలించాడు. పేర్లున్న వైపు జనానికి, కోడున్న వైపు గోడకు. త్రివేణి ఒకసారి, గేము ఆడాలంటే కోడు కావాలి గదా నాయనా అంటే, మేకులు గట్టిగా కొట్టేశానన్నాడు. ఉద్దనపల్లిలో ఆ గేమును ఇంతవరకూ ఎవరూ ఆడలేదు, చదవనివాళ్ళు మాత్రం లేరు.