రెండు మూతల పులుపు

నవ్వకండి మరి. సిగ్గు విడిచి చెబుతున్నాను.

మా పెరటి షెడ్డులో రెండువేల బ్రాయిలర్ కోళ్ళు. వాటి పెంపకం మా ఆవిడది, మేత బస్తాలు మోయడం నాది. కోడిపిల్లల్నిచ్చేది, పెరిగాక తూకం వేసి తీసుకెళ్ళేది కంపెనీ. పోయినసారి నేను చలేస్తుందని ఫ్యాన్లు కట్టేసిన పుణ్యాన తూకం పడిపోయింది. "ఈసారీ తగ్గితే ఇక పిల్లల్నివ్వం" అని సూపర్‌వైజరు తేల్చి చెప్పాడు.

అలాంటప్పుడు మా ఆవిడ రెండు రోజులు వాళ్ళక్క ఇంటికి బయల్దేరింది.

"మేత వెయ్యండి. ఇంకేదీ ముట్టుకోకండి."

"నేనేమన్నా చిన్నపిల్లాణ్ణా?"

"చిన్నపిల్లలైతే చెప్పిన మాట వింటారు."

నాకు రోషం పొడుచుకొచ్చింది. తిన్నగా కోళ్ళ మందుల కొట్టుకి వెళ్ళాను. ఆ కొట్టాయన్ని వీధంతా 'ఉచిత సలహా' అంటారు.

"తాగే నీళ్ళలో యాసిడ్ మందు కలుపు బావా! కడుపులో క్రిములు చస్తాయి, తిన్న మేత ఒంటబడుతుంది. ట్యాంకుకి రెండు మూతలు, అంతే" అన్నాడు.

రెండు మూతలే కలిపాను. నా జన్మలో కొలత పాటించింది ఆ ఒక్కసారే, అదే నా కొంప ముంచింది.

సాయంత్రానికి కోళ్ళు పైపు దగ్గరికి రావడం, ముక్కు తడుపుకోవడం, తల విదిలించి వెళ్ళిపోవడం. తెల్లారేసరికి మేత వేసింది వేసినట్టే ఉంది. గొంతు తడవని కోడి గింజ ముట్టదట. ఏమిటా అని నేనూ ఓ గుక్క తాగాను. ఎడమ కన్ను దానంతటదే మూసుకుంది.

ట్యాంకు ఖాళీ చేశాను. కొత్త నీళ్ళు ఎక్కిద్దామంటే కరెంటు లేదు. వంటింట్లో ఉన్న బిందెలు, గిన్నెలు, పళ్ళాలు, కుక్కరు మూతతో సహా షెడ్డులో పరిచి, చేతిపంపు నీళ్ళు మోశాను. కోళ్ళు తాగాయి, తొక్కాయి, ఈదాయి కూడా. కోళ్ళ కింద పరిచిన వరిపొట్టంతా బురదైంది.

అప్పుడే ఫోను.

"అంతా బాగానే ఉందా?"

"నిక్షేపంగా ఉంది!"

ఓ కోడి కుక్కరు మూత బోర్లా కొట్టింది.

"ఏమిటా చప్పుడు?"

"గిన్నెలు తోముతున్నానోయ్."

"మీరా?"

ఫోను పెట్టేసింది. గంటలో బస్సు దిగింది. పెళ్ళయిన పద్దెనిమిదేళ్ళలో నేను గిన్నె తోమిన పాపాన పోలేదన్న సంగతి నేను మరిచిపోయాను గానీ, ఆవిడ మరిచిపోలేదు.

అరుస్తుందనుకున్నాను. అరవలేదు. నా సీసా చూసి, ట్యాంకు వెనకనుంచి అలాంటిదే సగమైన సీసా తీసింది.

"మొదటి రోజునుంచీ కలుపుతున్నానండీ. పులుపెంతుందో కాగితం ముంచి రంగు చూసుకుని మరీ. ఊరెళ్ళేముందు కూడా కలిపే వెళ్ళాను."

నా రెండు మూతలు ఆవిడ రెండు మూతల మీద పడ్డాయన్నమాట. ఆ బురద పొట్టంతా నేనే ఎత్తిపోశాను.

తూకం రోజున కోడికి ఎనభై గ్రాములు తగ్గింది. సూపర్‌వైజరు కళ్ళజోడు సవరించుకుని నావైపు చూశాడు.

"ఏం జరిగింది?"

నేను నోరు తెరిచేలోగా ఆవిడ నా కాలు తొక్కింది.

"నేనేనండీ. నీళ్ళలో మందు కొలత తప్పాను."

అతను పావుగంటసేపు ఆవిడకి కొలతల పాఠం చెప్పాడు. చుట్టుపక్కల షెడ్లవాళ్ళంతా కొలతలు అడిగి తెలుసుకునేది ఆవిడ దగ్గరే. అలాంటిది ఏమీ తెలియనిదానిలా తలూపుతూ నిలబడింది. భూమి చీలి నన్ను మింగితే బాగుండుననిపించింది. చివరికతను "సర్లెండి, పొరపాట్లు అందరికీ అవుతాయి" అని కొత్త పిల్లలకి ఒప్పుకుని వెళ్ళాడు.

"నా తప్పు నీ మీదెందుకు వేసుకున్నావే?" అన్నాను, తలెత్తలేక.

"నేను చేశానంటే పొరపాటంటారు. మీరు చేశారంటే అలవాటంటారు. పిల్లల్నివ్వరు" అంది మా ఆవిడ, షెడ్డు తాళంచెవి కొంగున ముడేసుకుంటూ.