గొయ్యికి ఎన్ని ఎక్స్‌ల జూమ్ కావాలి?

డిజిటల్ జూమ్‌ను మోసమని తిట్టేవాళ్లను చూస్తే నాకు జాలి. నన్నడిగితే, దాన్ని కనిపెట్టినవాడికి ప్రతి వార్డు ఆఫీసు ముందూ విగ్రహం పెట్టాలి. ఉన్న సమస్యను నూట ఇరవై రెట్లు పెద్దది చేసి, అదేమిటో ఎవరికీ తెలియకుండా చేసే యంత్రం ఇంకొకటి ఉందా?

నమ్మకపోతే పాతబస్తీలో కుట్టుమిషన్లు బాగుచేసే మొయిన్ సంగతి వినండి.

వాళ్ల గల్లీలో మ్యాన్‌హోల్ మూత పోయింది. జనం ఆ గొయ్యిలో హెచ్చరికగా ఒక విరిగిన ప్లాస్టిక్ కుర్చీ నిలబెట్టి పౌరధర్మం తీర్చుకున్నారు. ఒక సాయంత్రం ఆ కుర్చీని కూడా ఎవరో పట్టుకుపోయారు. మొయిన్ తల్లి మహబూబున్నీసా కాలు అందులో పడి చీలమండ విరిగింది. ఆరు వారాల పిండికట్టు! ఆ ఇంటికి వేరే దారి లేదు. అందుకే కట్టు విప్పేలోపు మూత వేయించి తీరాలని మొయిన్ పట్టుపట్టాడు.

ఫొటో తీసుకుని వార్డు ఆఫీసుకు వెళ్లాడు. ఆఫీసరు వీరరాఘవరావు మర్యాదస్తుడు, కూర్చోబెట్టి మరీ చెప్పాడు.

"గొయ్యి బాగానే కనిపిస్తోందండీ. మన వార్డుదేనని ఎలా నమ్మమంటారు? గల్లీ బోర్డు కూడా పడాలి."

"జర బయటికొచ్చి చూడరాదు సార్? నలభై అడుగులు గూడ లేదు."

"చూడొచ్చండీ. నేను చూసినట్టు రుజువేదీ?"

నిజమే కదా. కంటితో చూసినదాన్ని ఫైల్లో ఎలా కుడతారు?

మొయిన్ గల్లీ చివర మేడెక్కి తీశాడు. బోర్డు పడింది, గొయ్యి ఆవగింజంత అయింది. ఫోన్లో జూమ్ చేసి ప్రింటు తీయిస్తే, ఇది గొయ్యో, కాగితం మీద పడ్డ చాయ్ మరకో అని రావుగారికి సందేహం వచ్చింది. డిజిటల్ జూమ్ దయవల్ల ఐదు వారాలు ఆఫీసు ప్రశాంతంగా నడిచింది.

ఆ ప్రశాంతతను చెడగొట్టింది యాకుత్‌పురాలో పాత కెమెరాలు అమ్మే జుల్ఫికర్. కెమెరా కొనడానికి వెళ్లిన మొయిన్ ఒక డబ్బా మీద '120 ఎక్స్' చూసి మురిసిపోతుంటే ఆపాడు.

"పెద్దక్షరాలు చదవకు భాయ్. ఆప్టికల్ జూమ్ల అద్దం కదిలి దూరందాన్ని దగ్గరికి తెస్తది. డిజిటల్ది ఉన్న బొమ్మనే గుంజుతది. రుమాలీ రోటీ లెక్క, ఎంత పరిచినా పిండి గంతే. ఆప్టికల్ ఎంతుందో గదొక్కటి చూడు."

దుకాణదారులు ఇలా నిజాలు చెబుతూ పోతే దేశం ఏమైపోవాలి?

ముప్ఫై ఎక్స్ ఆప్టికల్ జూమ్ ఉన్న కెమెరాతో మొయిన్ మళ్లీ మేడెక్కాడు. ఈసారి గొయ్యి పడింది. బోర్డు మీద అక్షరాలు పడ్డాయి. ఆ వెనక వార్డు ఆఫీసు కిటికీ పడింది. కిటికీలో చాయ్‌లో బిస్కెట్ ముంచుతూ రావుగారు పడ్డారు. ఆయన చూపు సూటిగా గొయ్యి మీదే ఉంది.

రావుగారు ఆ ఫొటోను కళ్లజోడు పెట్టుకుని చూశారు, తీసి చూశారు.

"చాలా స్పష్టంగా ఉందండీ. రేపటికల్లా పని అయిపోతుంది."

మాట తప్పలేదు. మర్నాడు పొద్దున్నే నిచ్చెనతో, డ్రిల్లుతో ఇద్దరు వచ్చారు. మధ్యాహ్నానికి ఆఫీసు కిటికీకి మందపాటి ఆకుపచ్చ పరదా పడింది.

చూశారా ఆప్టికల్ జూమ్ చేసిన పాపం? డిజిటల్ జూమ్‌లో అయితే రావుగారు ఒక మచ్చగా మిగిలేవారు, ఆ ఆఫీసుకు గాలీ వెలుతురూ దక్కేవి.

మొయిన్ ఇంటికొచ్చేసరికి తల్లి కట్టుకాలు చాపుకుని కుర్చీలో కూర్చుని ఉంది. తెల్లారితే కట్టు విప్పుతారు.

"మూత ఏసిండ్రా బేటా?"

"ఏసిండ్రు అమ్మీ. కిటికీకి."

మహబూబున్నీసా గోడ పట్టుకుని ఒంటికాలి మీద లేచి, తాను కూర్చున్న కుర్చీని కొడుకు వైపు జరిపింది.

"గిది తీస్కపోయి గొయ్యిల పెట్టు. లేకుంటే ఇంకెవరి కాలన్న ఇరుగుతది."