పెద్దమనిషి సంతకం

"ముప్ఫై రోజులు! ముప్ఫయ్యొకటో రోజున ఈ జిల్లాలో అడవి దొంగ అనేవాడు మిగిలి ఉంటే నా పేరు ఎబెనీజర్ క్రచ్లీ కాదు!"

అని మా కాల్డర్ ఫోర్డ్ మేజిస్ట్రేటు గారు దుకాణం ముందున్న రమ్ము పీపా ఎక్కి ప్రకటించారు. జనం చప్పట్లు కొట్టారు. ఖైదీలు ఇంకా గట్టిగా కొట్టారు, కొట్టనివాళ్ల పేర్లు కానిస్టేబులు రాసుకుంటున్నాడు మరి. ఇంగ్లండు ఖైదీల్ని తోలే ఈ వాన్ డీమెన్స్ లాండ్ దీవి మొత్తంలో సొంత పేరును పణంగా పెట్టిన అధికారి ఆయనొక్కరే. కింద పీపా ఖాళీది కావడంతో ఆయన మాట బాగా మోగింది కూడా.

క్రచ్లీ గారు నిజానికి తాత్కాలిక మేజిస్ట్రేటు. రెండేళ్లుగా తాత్కాలికమే. ఉద్యోగం ఖాయం కావాలంటే రాజధాని హోబార్ట్ టౌన్‌లోని పెద్ద కార్యదర్శి గారి కళ్లు చెదిరే ఘనకార్యం ఒకటి చేయాలి. ఆ ఘనకార్యం పేరు జాస్పర్ లవ్‌లాక్. కొండల్లో ఉంటాడు. తలుపు తట్టి, బూట్లు తుడుచుకుని, టోపీ తీసి దోచుకుంటాడు. దోచుకున్నాక థాంక్స్ చెబుతాడు.

ఆ ప్రకటన రాసిపెట్టింది ఖైదీ గుమాస్తా సైలస్ పడ్నీ. ఇంగ్లండులో ఒక వర్తకుడి సంతకాన్ని ఆ వర్తకుడికంటే బాగా పెట్టినందుకు పద్నాలుగేళ్ల శిక్ష వేసి ఓడెక్కించారు. ఇక్కడికొచ్చిన ఏడేళ్లలో తన సంతకం తప్ప మరొకరిది పెట్టలేదు. పెడితే ఈసారి ఉరే.

సైలస్‌కి ప్రపంచంలో కావలసింది ఒకటే, సెలవు చీటీ. అది చేతికొస్తే ఖైదీ ఎవరి కిందా పడి ఉండక్కర్లేదు. తన పని తాను చేసుకోవచ్చు, ఇల్లు కట్టుకోవచ్చు, పెళ్లి చేసుకోవచ్చు. దానికి 'ఇతడు సత్ప్రవర్తన గలవాడు' అని ఒక పెద్దమనిషి సంతకం చేయాలి. ఆ అర్జీ పద్నాలుగు నెలలుగా మేజిస్ట్రేటు గారి సొరుగులో భద్రంగా ఉంది. సంతకం పెడితే గుమాస్తా వెళ్లిపోతాడు. గుమాస్తా వెళ్లిపోతే 'మేజిస్ట్రేటు' అన్న మాట తప్పుల్లేకుండా రాసేవాడు ఊళ్లో ఉండడు.

"ఏంటయ్యా, అయిందా?" అని పాదిరీ గారింట్లో బట్టలుతికే హానా టిబ్స్ ప్రతి సోమవారం అడిగేది.

"దొరగారికి తీరిక లేదు, హానా."

"పేరు రాయడానికి పద్నాలుగు నెలలా! అంత పొడుగు పేరా ఆయనది? చూడు, మార్చి ఆఖరికి పాదిరీ గారు లాన్సెస్టన్‌కి మారిపోతున్నారు. మూటలతో పాటు నన్నూ బండెక్కిస్తారు. తర్వాత నువ్వు ఆ చీటీ పట్టుకుని కంగారూని పెళ్లాడు."

సైలస్ నవ్వలేకపోయాడు. మార్చి అప్పటికే మొదలైపోయింది.

మేజిస్ట్రేటు గారు మాత్రం ఆ ప్రకటనకు చాలా ముందునుంచే వారం వారం హోబార్ట్ టౌన్‌కి నివేదిక పంపేవారు. ఆయన చెప్పడం, సైలస్ రాయడం.

"రాయి. ఆ దొంగవెధవ లవ్‌లాక్ ఫెన్విక్ గారింట్లో పడి..."

"దొరగారూ, సర్కారు ఉత్తరాల్లో తిట్లు ఉండకూడదని పోయినేడు సర్క్యులర్ వచ్చింది."

"అవునా? మరేమని రాస్తాం?"

"జనమంతా పెద్దమనిషి అంటున్నారండి."

"సరే, ఏదో ఒకటి రాయి. జాగు చేయకు, టీ చల్లారిపోతోంది."

అలా 'పెద్దమనిషి జాస్పర్ లవ్‌లాక్' తొమ్మిది నివేదికల్లోకి ఎక్కాడు. ప్రతిదాని కింద 'ఎ. క్రచ్లీ, తాత్కాలిక' అని సంతకం. హోబార్ట్ టౌన్ వాళ్లు ఆ నివేదికల్ని ముక్క మార్చకుండా గెజెట్‌లో అచ్చేశారు.

పీపా ఎక్కి ఇరవై రోజులు గడిచాయి. దొంగ దొరకలేదు సరికదా, దొరసాని గారికి కొత్త దిగులు పట్టుకుంది.

"ఏమండీ, ఆ లవ్‌లాక్ ఫెన్విక్ వాళ్లింటికి రెండుసార్లు వచ్చాట్ట. ఫెన్విక్ గారి భార్య చెయ్యి ముద్దుపెట్టుకుని మరీ కంఠహారం అడిగాట్ట. చర్చిలో ఖాళీ మెడ చూపించుకుంటూ తిరుగుతోంది! ఆఖరికి ఆ గొర్రెల డాక్టరు ఇంటిక్కూడా వెళ్లాడు. మనింటికే రాలేదు."

"రాకపోతే మంచిదే కదే!"

"ఏం మంచి! వాడు పెద్దవాళ్ల ఇళ్లే దోస్తాడని ఊరంతా అంటుంటే, మనం పెద్దవాళ్లం కాదనేగా అర్థం? నాకు తలెత్తుకునే మొహం లేదు."

మేజిస్ట్రేటు గారు రెండ్రోజులు ఆలోచించారు. అది వల పన్నడమే కదా అని తమకు తాము నచ్చజెప్పుకున్నారు. మర్నాడు దుకాణం గోడ మీద సైలస్ దస్తూరీలో నోటీసు వెలిసింది: ఆదివారం మధ్యాహ్నం కానిస్టేబుళ్లందరూ దూరపు కొండను గాలించబోతున్నారు. అదే సమయాన మేజిస్ట్రేటు గారింట్లో వెండి సామాన్లతో విందు జరుగును.

ఇంత చక్కని వలను ఏ దేశంలోనూ ఎవరూ పన్ని ఉండరు. దొంగను పట్టుకోవడానికి మనుషుల్ని ఉంచడమొక్కటే మరిచిపోయారు.

ఆదివారం కంగారూ తోక సూపు వడ్డిస్తుండగా తలుపు మీద మూడుసార్లు మెత్తగా తట్టిన చప్పుడైంది. సైలస్ వెళ్లి తీశాడు. గుమ్మంలో సన్నటి మనిషి చాప మీద బూట్లు తుడుచుకుంటున్నాడు. వెనక ఇద్దరు అనుచరులు వరండాలోనే ఆగిపోయారు, వాళ్ల బూట్లకు బురద ఎక్కువ.

"క్షమించాలి. భోజనాల వేళ వచ్చాను," అన్నాడు లవ్‌లాక్ టోపీ చంకలో పెట్టుకుని. నడుముకు రెండు పిస్తోళ్లు ఉన్నాయి. వాటి ప్రస్తావన తేలేదు.

"అయ్యో, ఎంత మాట! కూర్చోండి," అంది దొరసాని. ఆవిడ మొహం పెళ్లినాటికంటే వెలిగిపోతోంది.

మేజిస్ట్రేటు గారు చెంచా నోట్లో పెట్టుకునే ఉండిపోయారు.

"మీ ఇంటికి ముందే రావలసింది. తాత్కాలికం అన్నారు, ఖాయమయ్యాక వద్దామనుకున్నాను," అన్నాడు లవ్‌లాక్. "తుపాకి మందు ఏమైనా ఉందా దొరగారూ? బల్ల సొరుగులోనా? మీరు లేవకండి, నేను తీసుకుంటాను."

సొరుగు లాగాడు. మందు దొరికింది. దాని కింద మడతపెట్టిన కాగితం దొరికింది. విప్పి చదివాడు. ఇంకోసారి చదివాడు.

"సైలస్ పడ్నీ ఎవరు?"

"నేనేనండి."

"ఏడేళ్లు. ఒక్క కొరడా దెబ్బ లేదు. మరి దీనిమీద సంతకమేది?"

"తీరిక దొరకలేదు," అన్నారు మేజిస్ట్రేటు గారు చెంచా తీసి.

లవ్‌లాక్ మొహం ఎర్రబడింది. "నా విషయంలో కూడా ఒకాయనకి నాలుగేళ్లు తీరిక దొరకలేదు. ఇలాంటి కాగితమే. ఆ తర్వాతే నేను కొండెక్కాను," అన్నాడు. సైలస్‌కి ఆ మనిషిని చూస్తే ఏడుపొచ్చినంత పనయింది.

"ఆ కలం ఇలా ఇవ్వవయ్యా పడ్నీ."

జాస్పర్ లవ్‌లాక్ అని గుండ్రంగా సంతకం పెట్టాడు. మేజిస్ట్రేటు గారి వైపు తిప్పాడు. "నా కింద తమరు కూడా చెయ్యండి. రేపటి టపాలో వెళ్లాలి. టపా సంచి దారిలో నేనే చూస్తుంటాను కదా, అందులో ఇది లేకపోతే తెలుస్తుంది."

పద్నాలుగు నెలల తీరిక ఆ క్షణంలో దొరికింది. 'ఎ. క్రచ్లీ, తాత్కాలిక.'

వెళ్తూ లవ్‌లాక్ నాలుగు వెండి చెంచాలు తీసుకున్నాడు.

"ఆరూ తీసుకోండి, సెట్టు విడగొట్టడం దేనికి?" అంది దొరసాని.

"వద్దమ్మా. ఇంట్లో మీరిద్దరూ తినాలి కదా," అని చెయ్యి ముద్దుపెట్టుకుని వెళ్లిపోయాడు.

టపా వెళ్లింది. ముప్ఫయ్యొకటో రోజు వచ్చింది, పోయింది. మేజిస్ట్రేటు గారి పేరు మాత్రం క్రచ్లీగానే ఉండిపోయింది. ఆ సంగతి గుర్తు చేసేంత అమర్యాద మా ఊళ్లో ఎవరికీ లేదు. మార్చి చివరి రోజున, పాదిరీ గారి బండి కచేరీ ముందు గుర్రాలు కట్టుకుని నిలబడి ఉండగా, హోబార్ట్ టౌన్ నుంచి కవరు వచ్చింది. అందులోంచి సెలవు చీటీ బల్లమీద పడింది.

"ఉత్తరం కూడా ఉంది, చదువు," అన్నారు మేజిస్ట్రేటు గారు ఆశగా. ఖాయం కాగితమని ఆయన నమ్మకం.

సైలస్ చదివాడు. "పడ్నీ అర్జీ మీద రెండు సంతకములు కలవు. వాటిని గెజెట్‌తో సరిచూడడమైనది. మొదటి వ్యక్తి పెద్దమనిషి అని మీ కచేరీయే తొమ్మిదిమార్లు ధ్రువీకరించి ఉన్నది గనుక చీటీ మంజూరు చేయడమైనది. రెండవ వ్యక్తి పెద్దమనిషి అని మా రికార్డులలో ఎక్కడా లేదు, తాత్కాలిక అని మాత్రమే కలదు. అతడు ఉద్యోగము ఖాయపరచుటకై పెట్టుకున్న అర్జీకి ఆ జిల్లాలోని ఎవరైనా పెద్దమనిషి సంతకము జతపరచి పంపవలెను."

మేజిస్ట్రేటు గారు ఆ ఉత్తరం లాక్కుని తామే మరోసారి చదువుకున్నారు.

బయట బండి మీంచి హానా కేకేసింది. "వస్తున్నావా, ఇంకో పద్నాలుగు నెలలు పడుతుందా?"

"వస్తున్నా! పాదిరీ గారిని ఒక్క నిమిషం ఆపు!" అని సైలస్ చీటీ జేబులో పెట్టుకుని, ఆ గదిలో మొదటిసారి టోపీ తలమీద పెట్టుకున్నాడు.

"పడ్నీ గారూ," అన్నారు మేజిస్ట్రేటు గారు. ఈ రెండేళ్లలో ఎన్నడూ అనని మాట. లేచి వెళ్లి తలుపు దగ్గరగా వేసి వచ్చారు. "ఒక్క ఉత్తరం రాసిపెట్టి వెళ్లండి."

"ఎవరికండి?"

ఆయన కిటికీలోంచి కొండల వైపు చూశారు.

సైలస్ నిలబడే కలం తీసుకున్నాడు. "ఏమని మొదలెట్టమంటారు?"

"మామూలుగానే."

'పెద్దమనిషి జాస్పర్ లవ్‌లాక్ గారి దివ్యసముఖమునకు' అని సైలస్ రాశాడు.

కచేరీ వెనకే ఉన్న ఇంట్లోంచి దొరసాని గొంతు వినబడింది. "ఏమండీ, ఆ మిగిలిన రెండు చెంచాలూ కూడా ఉత్తరంతో పాటు పంపించమంటారా?"