సాసిలో ఉన్న సముద్రం

మలుకు దీవుల్లోని మా ఊరి పగడాల దిబ్బ సంపూర్ణ రక్షణలో ఉన్నదని తెలియజేయుటకు మిక్కిలి సంతోషిస్తున్నాం. దానిమీద ఏడాదిపాటు సాసి అనే తాతలనాటి నిషేధం విధించాం. ఒడ్డున గుంజకు కొబ్బరి మట్ట కట్టి, పాస్టర్ గారు ప్రార్థన చేశాక, సముద్రంలోంచి ఎవరూ ఏదీ తీయరాదు. వేయరాదని మాత్రం తాతలు చెప్పలేదు. వాళ్ల కాలంలో వేయడానికి ఏముంది పాపం!

ఆచారాన్ని అక్షరం పొల్లుపోకుండా పాటించాం. ఒక్క చేపను ముట్టలేదు. షాంపూ ప్యాకెట్లు, నూనె డబ్బాలు, పిల్లల డైపర్లు మాత్రం క్రమం తప్పకుండా వేశాం.

ఈ ప్రశాంతతకు దొమింగస్ అవ్వ భంగం కలిగించింది. సాసి ఎత్తేశాక ఆ దిబ్బమీద దొరికే గుల్లలే ఆమెకు తిండి. డెబ్బై ఏళ్ల వయసులో మునిగి, బస్తాడు చెత్త పైకి తెచ్చింది. కాపలా పెద్ద ఎల్కానా అక్కడికక్కడే పట్టుకున్నాడు.

"అవ్వా, సాసిలో ఉన్న సరుకు తీశావ్!"

"సరుకేంట్రా, నీ మొహం! ఈ ఫ్లెక్సీ కింద పగడం ఎండ తగలక చచ్చిపోతోంది. అది పోతే గుల్లలెక్కడివి? నేనేం తినాలి, నీ టోపీనా?"

"ఏది తీసినా తీసినట్టే."

విచారణలో ఊరిపెద్ద రాజాగారు గంటసేపు ప్రసంగించారు. "ఇవాళ డైపర్ తీసిన చెయ్యి రేపు చేప తియ్యదని నమ్మకమేంటి?" చప్పట్లు మారుమోగాయి. శిక్ష పాతదే. దొంగ సొత్తు మోసుకుంటూ గడపగడపకూ వెళ్లి నేరం ఒప్పుకుని, ఎవరిది వాళ్లకు అప్పగించాలి.

అవ్వ బుద్ధిగా ఒప్పుకుంది. "పాస్టరమ్మా, మీ నూనె డబ్బా దొంగిలించాను తల్లీ, తీసుకోండి." "ఎల్కానా, నీ మనవడి డైపర్లురా, జాగ్రత్త." చివరికి రాజాగారి గుమ్మంలో ఫ్లెక్సీ పరిచింది. అందులో పట్టాభిషేకం నాటి రాజాగారు నవ్వుతున్నారు. మా ఇంటి వాటాకు నా పాత చెప్పులు వచ్చాయి.

అందరం మనస్ఫూర్తిగా సిగ్గుపడ్డాం. మర్నాడు పొద్దున్నకల్లా అన్నిటినీ మళ్లీ సముద్రంలో వేశాం. వేయడానికి ఆచారం అడ్డు చెప్పదు కదా. ఆ తర్వాత అవ్వను ఒడ్డుకు రానివ్వకుండా ఇద్దరిని కాపలా పెట్టాం.

సాసి ఎత్తేసిన రోజు అందరికంటే ముందు అవ్వే మునిగింది. చాలాసేపటికి పైకి వచ్చింది. ఒక్క గుల్లా లేదు. నా చెప్పులు తెచ్చి నా చేతిలో పెట్టింది.

"ఈ ఏడు ఇవే పండాయి నాయనా. మీ ఆవిణ్ణి వండిపెట్టమను."

నాకు నిజంగానే తల కొట్టేసినట్టయింది. ఆ చెప్పులు ఎక్కడ పారేయాలా అని చుట్టూ చూశాను. ఎదురుగా సముద్రం కనిపించింది.