గిన్నె పట్టని కిటికీ

కిటికీ తెరుచుకోవాలని ఏ శాస్త్రంలో రాసి ఉంది? చూపించండి! తెరిచిన కిటికీ అంటే ఏమిటి? దుమ్ము, దోమ, దొంగ, పక్కింటామె. ఈ నాలుగు పీడలనూ ఒక్క దెబ్బకు వదిలించే గ్రిల్లునూ నల్లద్దాన్నీ కనిపెట్టిన మహానుభావుడికి బోయిగూడలో విగ్రహం పెట్టాల్సిందే. ఆ విగ్రహానికీ గ్రిల్లు బిగించాల్సిందే!

నమ్మరా? అయితే ఆ బోయిగూడలోనే ఉన్న రజిత సంగతి వినండి.

రజిత వంటింటి కిటికీకి ఎదురుగా బ్యూలా కిటికీ. మధ్యలో పిల్లులు తిరిగే సందు. ఇద్దరూ చేతులు చాపితే అందుతాయి. తలుపులు మాత్రం వేరువేరు గల్లీల్లో. అందుకని పన్నెండేళ్లుగా ఒక స్టీలు గిన్నె ఆ కిటికీల్లోంచే అటూ ఇటూ తిరుగుతోంది. బ్యూలా సొరకాయ హల్వా పంపితే, అదే గిన్నెలో రజిత పచ్చిపులుసు. గిన్నె ఖాళీగా వెళ్లిందంటే మాటలు బందైనట్టే. ఎంత అనాగరికం!

రజిత భర్త విజయేందర్ నాగరికుడు. ఫోనులో మూడు వందల గ్రిల్లు డిజైన్లు చూసి, భార్యను వెంటబెట్టుకుని రాణిగంజ్ వెళ్లాడు. షాపాయన రఘునాథ్ కేటలాగు తెరిచాడు. తామరపువ్వు, సూర్యకిరణాలు, నెమళ్ల జంట. అద్దాల్లో నీలం, ఆకుపచ్చ, ఇంకా 'మనకు కిటికీ, బయటివాళ్లకు అద్దం' రకం. పెళ్లిచూపుల్లో కూడా విజయేందర్ ఇంత ఆలోచించలేదు!

రజిత ఒక్కటే అడిగింది. "అన్నా, గీ గ్రిల్లులకెల్లి గిన్నె పడ్తదా?"

"చెయ్యి కూడా పట్టకూడదనే కదమ్మా గ్రిల్లు పెట్టించుకునేది!" అని రఘునాథ్ నవ్వాడు.

"నువ్వు జెర ఊకోవే, ఇజ్జత్ తీస్తున్నవ్," అన్నాడు విజయేందర్.

నెమళ్లు వచ్చాయి. వాటి అవతల రెండు పొరల కదలని నల్లద్దం, 'బయటివాళ్లకు అద్దం' రకమే, వచ్చింది. స్టేషన్లో రైలు కూత కూడా లోపలికి రాదని గ్యారంటీ. చెమట పట్టింది, ఏసీ వచ్చింది. చీకటైంది, పట్టపగలు లైటు వచ్చింది. అభివృద్ధి అంటే మరేమిటండీ?

నాలుగో రోజు రజిత స్నానం చేస్తుండగా, ఆమె బజారుకు పోయిందనుకుని విజయేందర్ బయట తాళం వేసుకుని డ్యూటీకి పోయాడు. పన్నెండింటికి బడి వదులుతారు. ఒకటో తరగతి కూతురు సృజన గేటు దగ్గర ఎదురుచూస్తుంటుంది. రెండో తాళంచెవి ఇంట్లోనే ఉంది. ఇదివరకైతే కిటికీలోంచి బ్యూలాకు అందిస్తే, ఆమె చుట్టూ తిరిగొచ్చి తీసేది.

ఫోన్ చేసింది. విజయేందర్ ఎత్తలేదు. బ్యూలా ఫోను ఆదివారం ప్రార్థనలో సైలెంట్ పెట్టింది పెట్టినట్టే ఉంది. మనిషి మాత్రం ఎదురుగానే, తన కిటికీలో నిలబడి ఉంది!

రజిత అరిచింది. గ్యారంటీ అద్దం కదా, గ్యారంటీ నిలబెట్టుకుంది. బ్యూలా ఆ అద్దంలోకి చూసుకుంటూ తల దువ్వుకుంది. పళ్లు చూసుకుంది. ఒక తెల్లవెంట్రుక పీకి, దిగులుగా నిలబడింది.

పదకొండున్నర. రజిత అల్లం దంచే చిన్న రోకలి తెచ్చి నెమలి మెడ పక్కనుంచి పొడిచింది. మూడో పోటుకు రెండు పొరలూ పగిలాయి.

"ఓ దేవా! లోపల్నే ఉన్నవా?" అంది బ్యూలా, చేతిలో దువ్వెనతో. "నాలుగొద్దుల సంది నా మొఖం నేనే చూస్కుంట నిలబడుతున్న. గిన్నె సుత వాపస్ రాకపాయె. నా మీద కోపమొచ్చిందనుకున్న!"

"కోపం తర్వాత, ముందుగాల తాళంచెవి పట్టక్కా! బడి ఇడుస్తరు!"

నెమలి మెడ పక్కనుంచి విసిరిన చెవిని పట్టుకుని బ్యూలా చుట్టూ తిరిగొచ్చి తాళం తీసింది. సృజన ఏడుపు షురూ చేసేలోపే తల్లి బడి గేటు చేరింది.

సాయంత్రం విజయేందర్ గాజుపెంకులు చూసి అదిరిపడ్డాడు. "దొంగలొచ్చిన్రా ఏందీ?"

"ఏ దొంగలు? పన్నెండేండ్లల్ల గా కిటికీకాడికి వచ్చింది బ్యూలక్క ఒక్కతే. ఆమెను ఆపనీకే గదా ఇంత పరేషాన్ అయినవ్!"

మర్నాడు రఘునాథ్ టేపు పట్టుకుని వచ్చాడు. రజిత బ్యూలా గిన్నె తెచ్చి గ్రిల్లుకు ఆనించింది. "టేపు పక్కకు పెట్టన్నా. కొలత గిది."

ఒక నెమలికి కడుపుకోత తప్పలేదు.

కాబట్టి మహాజనులారా, గ్రిల్లు వరమే, నల్లద్దం వరమే, నా మాటకు తిరుగులేదు! షాపుకు పోయేటప్పుడు మాత్రం ఎదురింటివాళ్ల గిన్నె ఒకటి చేతిలో పట్టుకుని పోండి. మా ఇంట్లో ఎవరి గిన్నే లేదంటారా? అయితే మీకు కిటికీ దేనికండీ, గోడ కట్టించుకోండి!